వియ్యపురాలి మంచినీళ్లు

కర్నూలు,
20-8-1956.

జమ్మలమడుగు రామసుబ్బమ్మ గారికి,

సుబ్బరత్నమ్మ రాయడమేమంటే, ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మాయి ఈశ్వరికి పోయిన నెల పట్టిన జలుబు తగ్గింది. ఇప్పుడు బాగా తింటున్నది.

మనం మాట్లాడుకొని ఏడు నెలలైంది. ఈ ఉత్తరం కూడా నా అంతట నేను రాస్తున్నది కాదు, మీ అల్లుడి పోరు పడలేక రాస్తున్నాను. నవంబరు నుంచి రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోతున్న సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఆఫీసుతో పాటు గుమాస్తాలూ పోవాలి. చెన్నకేశవ, ఈశ్వరి అక్కడికి కాపురం మారుస్తారు. మేమిద్దరం ఈ ఇంట్లోనే ఉంటాం.

పోయేలోగా రెండిళ్ల వాళ్లం కలిసి ఎక్కడికైనా పోయి రావాలని వాడి పట్టు. మొక్కు తీర్చుకోవడానికి కాదట, ఊరికే చూసి రావడానికట. దసరా అయిన మర్నాడు బయలుదేరి గండికోటలో పెన్న లోయ చూడాలి. తర్వాత నంద్యాలలో రైలెక్కి కంభం పోయి, అక్కడి చెరువులో పడవ మీదనే ఒక పగలూ ఒక రాత్రీ ఉండాలి. పడవ మీద ఉండటమేమిట్రా అంటే, "ఇల్లు లాంటి పడవమ్మా, వండుకోవచ్చు, పడుకోవచ్చు" అంటాడు. మా ఇంటాయన అప్పుడే గాలాలు కొన్నారు.

నాకు మాట దాచుకోవడం చేతకాదు. జనవరిలో మీరు మా ఇంటికి వచ్చారు. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి సాయంత్రం నాలుగింటి బస్సుకు పోయారు. మీకోసం పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. ఒక్కటి ముట్టలేదు. పోనీలే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నీళ్లు కూడా ముట్టలేదు. అంతటితో అయితే నేను మరిచిపోదును. బస్సుకు పోతూ మా వీధి చివర కొళాయి దగ్గర దోసిలి పట్టి గటగటా తాగారు. వీధిలో ముగ్గురు చూశారు. "ఏమ్మా సుబ్బరత్నమ్మా, వియ్యపురాలికి ఇంట్లో నీళ్లియ్యలేదా ఏంది?" అని ఇప్పటికీ అడుగుతున్నారు. నేనేం చెప్పాలి?

అందుకని ఈ ప్రయాణానికి నా పద్ధతి ఇది. మా నీళ్లు మీకు పనికిరాలేదు కాబట్టి మీ నీళ్లు మాకూ వద్దు. గండికోట మీకు పది మైళ్లే, మీరు చూసిందే. అక్కడికి మేము నలుగురమే పోతాం, మీ ఇంట్లో దిగం. కంభానికి మీరిద్దరూ జమ్మలమడుగులో మాతో కలవండి. పడవ మీద రెండు పొయ్యిలు, ఎవరి వంట వారిది. సమ్మతమైతే ఒక కార్డు ముక్క రాయండి.

ఇట్లు,
చెన్నకేశవ తల్లి సుబ్బరత్నమ్మ.


జమ్మలమడుగు,
29-8-1956.

వదిన గారికి,

మీరు పేరు పెట్టి పిలిచినా నేను వదిన అనే రాస్తున్నాను. వరుస మారదు కదా.

మీ ఉత్తరం వచ్చినప్పుడు మా ఇంటాయన అరుగు మీద కూర్చొని పైకి చదివినాడు. కొళాయి దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ దినం నన్ను ముగ్గురు చూసినారన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

మాది వేంపల్లె పక్క. మా పుట్టింటి ఆడవాళ్లకు ఒక వాడుక ఉంది. కూతురికి బిడ్డ పుట్టి, ఆ బిడ్డకు పేరు పెట్టేదాకా, తల్లి ఆ కూతురి ఇంట్లో మెతుకు ముట్టదు, నీళ్లు తాగదు. నాకు ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా అమ్మను చూసి నేర్చుకున్నా. మీ ఇళ్లల్లో కూడా ఇట్లనే ఉంటుందనుకొని చెప్పలేదు. మీరు ఓళిగ తట్ట నా ముందు పెట్టినప్పుడు, 'ఈమెకు తెలిసి కూడా ఎందుకు ఊరిస్తాంది' అనుకున్నా. నా వల్ల మీకు వీధిలో మాట వచ్చింది. తప్పు నాదే.

ఉగాదికి పిల్లను ఎందుకు పంపలేదో కూడా ఇప్పుడు అర్థమైంది. నేను ఇంకేమేమో అనుకొని ఎన్నో దినాలు కుమిలినా.

ఇప్పుడు నా బాధ వేరే. కర్నూలుకైతే పొద్దున వచ్చి బిడ్డ మొహం చూసి సాయంత్రానికి తిరిగిపోవచ్చు. ఒక్క పూట కడుపు కట్టుకుంటే సరిపోతుంది. హైదరాబాదుకు అట్ల కుదరదు. పోను ఒక దినం, రాను ఒక దినం. అంత దూరం పోయి, తినకుండా తాగకుండా బిడ్డ దగ్గర ఎన్ని గంటలు ఉండగలను? దానికి కడుపు పండేది ఎప్పుడో దేవునికి తెలియాల. అంతదాకా అది నా దగ్గరికి రావాల్సిందే తప్ప, నేను దాని ఇంట్లో ఒక్క రాత్రి పడుకునే యోగం లేదు. ఈ మాట మా ఇంటాయనతో అంటే, "వాడుక నువ్వు పెట్టింది కాదు, తీసేది నువ్వు కాదు" అని పొలానికి పోయినాడు.

అందుకే మీరు ఏ షరతు పెట్టినా నాకు సమ్మతమే. బిడ్డతో ఒక పగలూ ఒక రాత్రీ ఉండవచ్చంటే పడవేంటి, తాటిమొద్దు మీద అయినా కూర్చుంటా. పొయ్యి నాది నేను తెచ్చుకుంటా.

గండికోటకు రావద్దన్నారు కాబట్టి రాను. ఎండకు తలగుడ్డ మరవద్దు.

మీ
రామసుబ్బమ్మ.


కర్నూలు,
10-9-1956.

రామసుబ్బమ్మ వదిన గారికి,

మీ జాబు రెండుసార్లు చదివాను. మా వైపు అలాంటి వాడుక లేదు. నా కాపురానికి మా అమ్మ వచ్చిన తొలిరోజే కాళ్లు కడుక్కోకముందే చట్టి మూత తీసి చూసింది. అందువల్ల నాకు తోచలేదు. మీకు కోపం లేదని తెలిసి మనసు కుదుటపడింది.

అయినా ఒక చిక్కు ఉంది. 'వాళ్ల నీళ్లు ముట్టను' అని నేను ఇంట్లో అందరి ముందూ అన్నాను. మూడుసార్లు అన్నాను. కోడలి ముందు అన్నమాట ఉత్తమాట అయితే రేపు నేను ఏం చెప్పినా చెల్లదు. కాబట్టి ఏర్పాట్లు అలాగే ఉంటాయి.

రెండు పూటలకు సరిపడా అటుకులు, పేలపిండి, బెల్లం, రొట్టెల పిండి ఒక గంపలో కడతాను. తాగడానికి రెండు ఇత్తడి బిందెల్లో తుంగభద్ర నీళ్లు నింపి, మూతులకు గుడ్డ బిగించి తెస్తాం. మా ఇంటాయన "ఏటికి పోతూ నీళ్లు మోసుకుపోయేవాళ్లను నేను చూడలేదు" అంటున్నారు. ఆయన చూడనివి చాలా ఉన్నాయి.

హైదరాబాదు సంగతి నేనూ ఆలోచించాను. దారి కనపడలేదు.

ఇట్లు,
సుబ్బరత్నమ్మ.


జమ్మలమడుగు,
17-10-1956.

గండికోటలో ఉన్న వదిన గారికి, మా బండి తోలే బొజ్జన్న చేతికిచ్చి పంపుతున్న చీటి.

నిన్న సాయంత్రం మీ బస్సు మా ఊళ్లో ఆగినప్పుడు కండక్టరు బొజ్జన్నతో చెప్పినాడంట. "కర్నూలోళ్ల బిందెలు రెండూ బోర్లా పడినాయప్పా. నీళ్లన్నీ వాళ్ల తిండి గంపలోకే పోయినాయి. పిండి పిసికే పని లేకుండా ముద్దయింది" అని. మీరు ఆకలితో ఉంటారని తెలిసి నేను తినలేకపోయినా.

మీ మాట పోకూడదు. అందుకని జాగ్రత్తపడినా. జొన్నపిండి మా ఆడబిడ్డ చేనిది. సంగటి కెలికింది మా పక్కింటి గంగక్క, వాళ్ల పొయ్యి మీదనే, వాళ్ల కట్టెలతోనే. మజ్జిగ గంగక్క ఎనుముది. సంగట్లోకి చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి నూరింది కూడా ఆమె రోట్లోనే. నీళ్లు వీధి బావివి, ఆ బావి మా తాత తవ్వించింది కాదు. గిన్నెలు కూడా అడిగి తెచ్చినవే. మా ఇంటిదంటూ ఉండేది ఇందులో బండి ఒక్కటే. బండిని మీరు తినరు కదా.

ఈశ్వరికి మజ్జిగలో ఎక్కువ ఉల్లిగడ్డ వేయండి.

రామసుబ్బమ్మ.


గండికోట,
17-10-1956, మధ్యాహ్నం.

వదిన గారికి,

బొజ్జన్న ఎద్దులను నీడకు కట్టి, "అమ్మా, జవాబు తీస్కపోకుంటే మా యమ్మ నన్ను ఇంట్లోకి రానీదు" అని కూర్చున్నాడు. కాబట్టి రాస్తున్నాను.

కండక్టరు చెప్పింది నిజమే. నంద్యాల దాటిన తర్వాత ఒక గుంతలో బస్సు ఎగిరింది. బిందెలు రెండూ పడ్డాయి, మూతి గుడ్డలు జారిపోయాయి. తుంగభద్ర మొత్తం అటుకుల మూటలోకి పారింది. రాత్రి ఇక్కడ మావాడి స్నేహితుడు తాళంచెవి ఇచ్చిన ఖాళీ ఇంట్లో దిగాం. ఊరివాళ్లు కడవ నీళ్లిచ్చారు. తిండికి మాత్రం తడిసిన బెల్లం నాకుతూ పడుకున్నాం. మా ఇంటాయన ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

పొద్దున లోయ చూశాం. మీకు పది మైళ్లలో ఉన్నదాని గురించి నేను చెప్పడమేమిటి అనుకోవద్దు. కోట గోడ దాటి నాలుగడుగులు వేసేసరికి నేల అయిపోయింది. ఎదురుగా ఎర్రరాళ్ల గోడ, అడుగున పెన్న. ఆ రాళ్లు ఓళిగలు దొంతర పెట్టినట్టు పలకల మీద పలకలు. ఎవరు పేర్చారో గాని ఒక్కటీ వంకర లేదు. నా జన్మలో అంత పొందికైన పని చూడలేదు. ఏరు మాత్రం అంత లోతులో ఆరేసిన పచ్చ పంచెలాగా కనిపించింది.

మా వాడూ ఈశ్వరీ దిగుతామన్నారు. వద్దన్నాను. దిగారు. రాళ్ల మధ్య వాళ్లు రానురాను చిన్నవాళ్లై చీమలంతైపోయారు. కింది నుంచి ఈశ్వరి "అత్తా" అని పిలిచింది. ఆ పిలుపు అటు గోడకు తగిలి, ఇటు గోడకు తగిలి, నలుగురు కోడళ్లు పిలిచినట్టు వచ్చింది. ఇంక ఎట్లా ఆగను? కొంగు నడుముకు దోపి, కూర్చొని జారుతూ, లేచి నడుస్తూ గంటన్నరకు నీళ్ల దగ్గరికి చేరాను. నీళ్లలో కాళ్లు పెట్టి నేనూ ఈశ్వరీ ఎందుకు నవ్వామో ఇప్పుడు అడిగితే చెప్పలేను. అది మోకాళ్లదాకా చీరె ఎత్తి నా మీద నీళ్లు చల్లింది. ఇంటి దగ్గర అయితే కోప్పడేదాన్ని. ఇక్కడ తిరిగి చల్లాను.

పైకెక్కేసరికి ప్రాణం కళ్లలోకి వచ్చింది. అప్పుడు మీ బండి కనిపించింది. మీ చీటి అందరికీ పైకి చదివాను. అన్నీ రాశారు గాని ఒక్కటి రాయలేదు. బొజ్జన్నను పిలిచి "ఉప్పు ఎవరిది?" అని అడిగాను. వాడు తల గోక్కొని, "ఉప్పు మా యమ్మదేనమ్మా. గంగక్క కాడ అయిపోయిండాది" అన్నాడు. అప్పటికే నేను రెండు ముద్దలు మింగాను.

కాబట్టి నా మాట పోయింది. పోతే పోయింది, ఊరుబిండి బాగుంది. గిన్నెలు నాలుగు, మూతలు రెండు కడిగి పంపుతున్నాను. రేపు పొద్దున బస్సుకు ఇంకా గంట ఉండగానే జమ్మలమడుగు చేరతాం. మీ ఇంటికే వస్తాం. నీళ్లు తాగుతాను. కాఫీ ఉన్నా పరవాలేదు.

మీ వదిన
సుబ్బరత్నమ్మ.


కర్నూలు,
25-10-1956.

వదినకు,

ఇల్లు చేరి మూడు రోజులైనా కూర్చుంటే నేల ఊగుతున్నది. అన్నయ్యగారి కళ్లద్దాల పెట్టె మా మూటలో వచ్చింది, పోస్టులో పంపాను. మా ఇంటాయన తువ్వాలు మీ దగ్గర ఉండాలి.

పడవ మీద మొదటి రెండు గంటలు నేను కళ్లు తెరవలేదు, మీరు చూశారు. తెరిచాక చూసినవి మరిచిపోకముందే కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఇల్లు లాంటి పడవ అంటే నేనేదో అనుకున్నాను. తీరా చూస్తే రెండు చేపల పడవలు పక్కపక్కన కట్టి, పైన పలకలు పరిచి, దాని మీద ఎద్దులబండి గూడు ఎత్తి పెట్టి బోదగడ్డి కప్పారు. పడవ దాసన్న, "ఈ గూట్లో నా పెండ్లాం కాపురానికొచ్చింది. ఇది ఎన్నటికీ పడదు" అన్నాడు. ఆయన భార్య వరమ్మ, "బండి మీద ఉన్నప్పుడు మూడుసార్లు పడింది" అన్నది. అప్పుడే నేను దగ్గరున్న కర్ర గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, ఆ గడ ఇడ్సిపెట్టు తల్లీ. అది పట్టుకోను కాదు, పడవ తొయ్యను."

"ఇడ్సదులే దాసన్నా," అన్నారు మా ఇంటాయన. "నన్ను పట్టుకున్నప్పుడు కూడా ఇంతే."

అందరూ నవ్వారు. మీ నవ్వు అందరికంటే పెద్దగా వినిపించింది. దాసన్న ఇంకో గడ తెచ్చుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి కట్ట ఎక్కడో సన్నగా, రెండు కొండల మధ్య గీత గీసినట్టు ఉంది. చుట్టూ నీళ్లు. కర్నూలులో ఏప్రిల్ నెలంతా కొళాయి కింద బిందెలు వరుస పెట్టి నిలబడే నాకు, ఇన్ని నీళ్లు ఏ వరుసా లేకుండా ఊరికే ఉండటం వింతగా తోచింది. అన్నయ్యగారూ మా ఇంటాయనా పొద్దస్తమానం గాలాలు వేశారు. ఒక్క చేప పడింది, వేలంత. "పిల్లది, పోనీలే" అని వదిలేశామన్నారు. "వదిలింది మీరా, అదా?" అని వరమ్మ అడిగింది.

రెండు పొయ్యిల సంగతి మీకు తెలుసు. "కప్పు బోద, కింద పలకలు. రెండు పొయ్యిలంటే చెరువు నడిమధ్యన కొంప అంటించుకున్నట్టే. ఒగటే పొయ్యి" అని దాసన్న తేల్చేశాడు. మొదటి రోజు మీరు వండారు, అందరం తిన్నాం. మీ వాడుకకు అది అడ్డం కాదు. రాత్రి మీరూ ఈశ్వరీ ఒకే దుప్పటిలో పడుకొని గుసగుసలాడుతుంటే నేను నిద్రపోయినట్టే ఉన్నాను. దానికి అంత మాటలు వచ్చునని నాకు తెలియదు. మా ఇంట్లో పదిహేడు నెలలుగా అవునత్తా, కాదత్తా అనేది తప్ప వినలేదు.

రెండో రోజు పొద్దున అది "ఈ పూట నేను చేస్తా" అన్నది. దాసన్న వలలో పడిన చేపలతో పులుసు పెట్టింది. నేను మీ విద్యే మీ మీద ప్రయోగించాను. చేప చెరువుది, నీళ్లు చెరువువి, కట్టెలు వరమ్మవి, చట్టి దాసన్నది, ఇది ఎవరి ఇల్లూ కాదు, దీనికి వాకిలి కూడా లేదు, మీ అమ్మాయి గరిటె తిప్పింది అంతే అన్నాను. మీరు నవ్వారు. ఆకు ముందు కూర్చున్నారు. చెయ్యి కడిగారు. ముద్ద కలిపారు. ఈశ్వరి గరిటె చేతిలోనే పట్టుకొని చూస్తున్నది. మీరు ఆ ముద్ద నోటిదాకా తెచ్చి, ఆగి, పక్కకు తిరిగి దాని నోట్లో పెట్టారు.

అది నవ్వింది, పెట్టినంతా తిన్నది. కాని పడవ ఒడ్డు చేరేదాకా వెనక పలక మీద అటు తిరిగి కూర్చుంది. నేను చూశాను.

వదినా, ఉప్పు పేరుతో నా పంతం పోగొట్టారు. మీ పంతం ఎందుకు పోలేదు? కోపంతో అడగడం లేదు. తెలియక అడుగుతున్నాను.

మీ
సుబ్బరత్నమ్మ.


జమ్మలమడుగు,
8-11-1956.

వదినా,

కళ్లద్దాలు అందినాయి. తువ్వాలు బొజ్జన్న తలకు చుట్టుకొని తిరుగుతున్నాడు. ఉతికి పంపుతా.

ఒక తప్పు దిద్దాల. మీరు కళ్లు మూసుకున్నది రెండు గంటలు కాదు, మూడు. ఆ సేపంతా ఈశ్వరి మీ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. మీకు తెలియదు. నేను చూసి చాలా సంతోషపడినా.

మీరు అడిగినదానికి చెబుతా. ఎవరికీ చెప్పింది కాదు.

నాకు పెళ్లైన తొమ్మిదేండ్లకు ఈశ్వరి పుట్టింది. ఆ తొమ్మిదేండ్లూ మా అమ్మ ఏడాదికి రెండుసార్లు వేంపల్లె నుంచి బండి కట్టుకొని వచ్చేది. అరుగు మీద కూర్చునేది. తన చెంబు నీళ్లు తనే తాగేది, తన మూటలో రొట్టె తనే తినేది. నేను లోపల వంట చేస్తూ, వాసన బయటికి పోతుందని తలుపు దగ్గరగా వేసేదాన్ని. మా అత్త మంచిది కాదు. మెతుకు లెక్క పెట్టే మనిషి. మా అమ్మ అరుగు మీద ఉన్నంతసేపూ గడప దగ్గరే నిలబడేది.

ఈశ్వరికి పేరు పెట్టిన దినం మా అమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. అన్నం, అలసందల పులుసు చేసినా. మూడుసార్లు వడ్డించుకుంది. "ఇంత బాగా చేసేది ఎప్పుడు నేర్చినావే?" అని అడిగింది. నేను తొమ్మిదేండ్ల నుంచీ చేస్తానే ఉండా కదా. ఆ ఏడు వానాకాలంలోనే పోయింది. నా చేతి అన్నం ఆమె తిన్నది ఆ ఒక్క పూట.

పడవలో ముద్ద కలిపినప్పుడు తినాలనే కలిపినా వదినా. చేపల పులుసు వాసనకు నోరు ఊరింది కూడా. నోటి దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఆమె తొమ్మిదేండ్లు ఆపుకున్నది నేను ఒక్క మాయమాటతో దాటేస్తే, ఆమె ఆకలంతా దేనికి? ఊరికే పోయినట్టు కాదా?

మొన్న ఒకటో తేదీన వాళ్లు హైదరాబాదు చేరినట్టు ఈశ్వరి కార్డు రాసింది. వంటింటి కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తుందట. "ఎప్పుడొస్తావమ్మా" అని చివర రాసింది. జవాబు ఇంకా రాయలేదు.

రామసుబ్బమ్మ.


మలక్‌పేట, హైదరాబాదు,
17-11-1956.

వదినా,

మేము వచ్చి నాలుగు రోజులైంది. ఇల్లు రెండు గదులు, ముందు చిన్న వరండా. కిటికీ, వేపచెట్టు ఉన్నమాట నిజమే. సామాను సర్దడం అయింది. పప్పుల డబ్బాలు నా పద్ధతిలో పెడదామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. అది ఈశ్వరి ఇల్లు, ఎట్లా పెట్టుకుంటే అట్లా.

మీ ఉత్తరం కర్నూలులోనే అందింది. జవాబు రాద్దామంటే మాట కుదరలేదు. కుదిరింది ఇక్కడ. మీ అమ్మ అరుగు మీద ఎందుకు కూర్చున్నదో నాకు మీ జాబులోనే కనిపించింది. లోపల గడప దగ్గర ఒక అత్త నిలబడి ఉంది. తాను తిన్న ప్రతి మెతుకుకూ తన కూతురు మాట పడకూడదని ఆ తల్లి బయటే ఉండిపోయింది. ఆమె ఆకలి కూతుర్ని కాచింది. ఊరికే పోలేదు.

ఇప్పుడు ఈ ఇంట్లో ఆ అత్తను నేను. మీరు భయపడాల్సింది నాకే. కాబట్టి నేను గడప దగ్గర ఉండకూడదు. ఆ లెక్కన నేనూ బయటే కూర్చున్నాను.

నవ్వకండి. వచ్చిన రోజు నుంచి ఈ ఇంట్లో నేను మెతుకు ముట్టలేదు, నీళ్లు తాగలేదు. ఎదురింట్లో పత్తికొండ వాళ్లు ఉన్నారు, ఆయనా గుమాస్తాయే. తిండీ నీళ్లూ వాళ్లింట్లో. మా ఇంటాయన మాత్రం లోపల మూడు పూటలా తింటూ, నేను వరండాలో కనిపిస్తే ఇంకో గరిటె వేయించుకుంటున్నారు.

నిన్న ఈశ్వరి నడుము మీద చెయ్యి పెట్టుకొని వచ్చింది. "ఇదేం పని అత్తా? వీధిలో వాళ్లు నన్నేమనుకుంటారు?"

"ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. నేనూ ఏడు నెలలు విన్నాను."

"మా యమ్మ మీద పంతానికి నన్ను ఎందుకు సంపుతాండావు?"

మొదటిసారి నన్ను 'నువ్వు' అన్నది. వెంటనే నాలుక కరుచుకుంది. నాకు మాత్రం ఎంత బాగుందో చెప్పలేను.

ఆదివారం కర్నూలుకు పోతున్నాం. ఈ ఇంట్లో మీరు కడుపునిండా తిన్నట్టు మీ చేత్తో రాసిన ఉత్తరం నాకు అందేదాకా నేను ఈ ఇంట్లో నీళ్లు తాగను. ఈసారి కోడలి ముందు, కొడుకు ముందు, పత్తికొండ వాళ్ల ముందు కూడా అన్నాను. గండికోటలో పోయినట్టు ఈ మాట పోదు. ఉప్పు కూడా ఎదురింటిదే, అడిగి తెలుసుకున్నాను.

సుబ్బరత్నమ్మ.


మలక్‌పేట, హైదరాబాదు,
11-12-1956.

వదినా,

పైన ఊరి పేరు చూసే ఉంటావు. నేను కూడా నిన్ను నువ్వు అనే రాస్తున్నా. నా బిడ్డ నిన్ను నువ్వు అంటే బాగుందన్నావు కదా.

నిన్న పొద్దున దిగినాం. అల్లుడు స్టేషనుకు వచ్చినాడు. జట్కా దిగి వరండాలోకి రాగానే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయినాయి. నీ మాట నమ్మలేదని కాదు. ముప్పై ఏండ్ల అలవాటు. ఎదురింటి పత్తికొండామె అప్పుడే నీళ్ల చెంబు పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. "ఈ యమ్మ కూడా మా కాడనే తాగుతాదా? ఇంకో కడవ నింపాల్నా?" అని అడిగింది. మా ఇంటాయన ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు, పగలబడి నవ్వినాడు.

ఈశ్వరి నవ్వలేదు. లోపల నుంచి గ్లాసు తెచ్చి నా ముందు పట్టుకుంది. రమ్మనలేదు, తాగమనలేదు. దాని వెనక గడప కనిపించింది వదినా. ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ నిలబడలేదు. చాలాసేపు చూసినా. మా అమ్మ చూడవలసింది అది.

గడప దాటి లోపలికి పోయి, కూర్చొని, ఆ నీళ్లు తాగినా. మళ్లీ అడిగి ఇంకో గ్లాసు తాగినా.

తర్వాత అన్నం. వంకాయ కూర, పప్పు, చారు. మొదటి ముద్ద మా అమ్మ పేరు చెప్పి ఆకు పక్కన పెట్టినా. రెండో ముద్ద నేను తిన్నా. ఎట్లుందని నువ్వు అడుగుతావు. నాకు సరిగ్గా గుర్తు లేదు. కూర అయిపోయింది, చారు అయిపోయింది. అల్లుడికి మిగల్లేదు. పాపం, మజ్జిగన్నం తిని ఆఫీసుకు పోయినాడు. ఇక నువ్వు ఎప్పుడైనా వచ్చి ఈ ఇంట్లో నీళ్లు తాగొచ్చు. తొందరగా రా.

వారం ఉండి పోదామని వచ్చినాం. ఇంకో వారం ఉండమని ఇద్దరూ అంటున్నారు. మా ఇంటాయన అప్పుడే మూసీ ఒడ్డున చేపలు పడతాయా అని విచారిస్తున్నాడు.

ఇది రాస్తుంటే ఈశ్వరి గిన్నెలు తోముతూ వంటింట్లో నుంచి అడిగింది.

"అమ్మా, రేపు ఏం చేయమంటావు?"

ఈ మాట నన్ను ఈ జన్మలో ఇట్లా ఎవరూ అడగలేదు. ముందు ఆ మాట నీకోసం ఈ కాగితం మీద పెట్టినా. అది మళ్లీ అడిగింది. గోంగూర అని చెప్పినా.

నీ
రామసుబ్బమ్మ.